సవరణ: ఫైటేజ్ 90 డిగ్రీలకు చెక్కుచెదరదన్నది తప్పు

ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు తయారుచేసే ఫైటేజ్ (పశువుల దాణాలో కలిపే ఒక ఎంజైమ్, అంటే పనిచేసే ప్రోటీన్; గింజల్లోని ఫైటేట్‌ను విడగొట్టి భాస్వరం అందేలా చేస్తుంది) 90 డిగ్రీల సెల్సియస్ వేడిలోనూ ఆకారం కోల్పోదని ముందు పోస్టులో రాశాను. అది నా పొరపాటు. 1998లో వచ్చిన పరిశోధనా పత్రం ప్రకారం, సుమారు 62 డిగ్రీలకే దాని మడతలు విప్పుకుంటాయి. అసలు విశేషం ఆ తర్వాతే ఉంది: చల్లారాక ఆ ప్రోటీన్ చాలావరకు మళ్లీ సరిగ్గా ముడుచుకుని పనిచేస్తుంది. ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే మరో బూజు ఫైటేజ్‌కు ఆ గుణం లేదు, వేడికి దాని ఆకారం తిరిగిరానంతగా మారిపోతుంది.

పశువుల దాణాను ఆవిరితో గుళికలుగా చేసేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. వేడిలో నిలబడటం వేరు, వేడి తగ్గాక కోలుకోవడం వేరు. ఇంకా ఎక్కువ వేడికి నిలబడేది కావాలంటే, పలు బూజుల ఫైటేజ్‌లలోని అమైనో ఆమ్లాల వరుసలను పోల్చి రూపొందించిన 'కన్సెన్సస్ ఫైటేజ్' ఉంది. అది విప్పుకునేది దాదాపు 78 డిగ్రీల దగ్గర.