మహారాజశ్రీ రాగి గొట్టం గారికి

మహారాజశ్రీ రాగి గొట్టం గారి సముఖమునకు, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో కాపురముంటున్న తమ పాత భక్తుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. పది వేళ్లూ ఉన్నాయి, పై పెదవి ఉంది. దేవుడి అలమరలో తమరు కూడా క్షేమమని తలుస్తాను.

నిన్ను వదిలేసి ఏడాదిన్నర అయింది. ఎందుకు వదిలానో నీకు ఇంతవరకు చెప్పలేదు. (తమరు, గారు అంటూ ఉత్తరమంతా రాయడం నా వల్ల కాదు. ఎంత కాదన్నా ఒకప్పుడు రోజుకు మూడొందల సార్లు నోట్లో నోరు పెట్టుకున్నవాళ్లం.)

మనం కలిసిన రోజు నీకు గుర్తుండదు. నీలో జ్ఞాపకం పెట్టుకునే చిప్ ఏదీ లేదు, అదే కదా నీ గొప్ప. సిగరెట్ మానేస్తానని మా ఆవిడకు మాటిచ్చి వేప్ షాపుకెళ్లాను, అంటే బ్యాటరీతో పొగ వదిలే ఇ-సిగరెట్లు అమ్మే కొట్టుకి. గడ్డం కుర్రాడొకడు కౌంటర్ మీద రెండు పెట్టాడు. ఒకటి అగ్గిపెట్టెకు అన్నయ్యలా ఉన్న పెట్టె. దానికో స్క్రీను, మూడు బటన్లు, లోపల చిప్. అది రెగ్యులేటెడ్ మాడ్, అంటే కరెంటును చిప్పు అదుపులో పెట్టే ఇ-సిగరెట్ అన్నాడు. రెండోది నువ్వు, మెకానికల్ మాడ్. స్క్రీను లేదు, వైరు లేదు, బుర్ర లేదు. రాగి గొట్టంలో ఒక బ్యాటరీ, పైన వేడెక్కి ద్రవాన్ని ఆవిరి చేసే కాయిల్, అడుగున బటన్, అంతే. నొక్కితే బ్యాటరీలో ఉన్నదంతా తిన్నగా కాయిల్‌లోకి పోతుంది.

"మరి ఫ్యూజు ఎక్కడుంది?" అని అడిగాను.

వాడు నా వైపు వేలు చూపించి "నువ్వే" అన్నాడు. అది పొగడ్త అనుకుని నిన్ను కొనేశాను.

నా పరిస్థితి కూడా కాస్త అర్థం చేసుకో. హెచ్-1బి మీద బతికేవాడిని. ఉద్యోగం పోతే ఎన్ని రోజులుండొచ్చో గవర్నమెంటు లెక్కగట్టి పెట్టింది, అరవై. వాకిట్లో గడ్డి ఎంత ఎత్తు పెరగొచ్చో కాలనీ అసోసియేషన్ ఉత్తరాలు రాస్తుంది. అన్నం ఎంత తినాలో చేతికున్న వాచీ చెబుతుంది. ఇన్ని రెగ్యులేషన్ల మధ్య రెగ్యులేషన్ లేని వస్తువు ఒక్కటైనా నా చేతిలో ఉండాలనిపించింది. జానెడైనా లేని గొట్టం పట్టుకుని స్వాతంత్ర్య సమరయోధుడిలా ఫీలయ్యాను.

పైగా నువ్వు నా చదువుకు విలువిచ్చావు. విజయవాడ హాస్టల్లో తెల్లారుజామున నాలుగింటికి లేచి ఓమ్ నియమం బట్టీపట్టాను. ఆ తర్వాత నాలుగేళ్లు ట్రిపుల్ ఈ చదివి, జావాలో పడ్డాను. ఓమ్ గారితో పని పడిందే లేదు. నీ దయ వల్ల మళ్లీ కాగితం, పెన్ను తీశాను. నీలో పట్టే 18650 రకం బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు. కాయిల్ 0.2 ఓములు. భాగిస్తే 21 ఆంపియర్లు. బ్యాటరీ తట్టుకునేది 20. ఒక్క ఆంపియరే కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. నెల తిరిగేసరికి పొగ చాల్లేదని 0.15కి దిగాను. అంటే 28 ఆంపియర్లు, దాదాపు 118 వాట్లు. మా ఊళ్లో ఇంటి సీలింగ్ ఫ్యాను కూడా అంత లాగదు. భయమేసి కొత్త బ్యాటరీ కొన్నాను. దాని రేపర్ మీద 40 ఆంపియర్లని బంగారు రంగులో అచ్చేసి ఉంది. ఎవరో తయారుచేసిన సెల్లుకు ఇంకెవరో కొత్త చొక్కా తొడిగి, నోటికొచ్చిన అంకె రాసి అమ్ముతారని తర్వాత తెలిసింది. లోపల ఉండేది మామూలు ఇరవయ్యే. ఆ విషయంలో బ్యాటరీని తిట్టే ముఖం నాకు లేదు. ఏడేళ్ల ఎక్స్‌పీరియన్స్ అని అచ్చేసిన రెస్యూమేతోనే నేనూ ఈ దేశంలో మొదటి ఉద్యోగం కొట్టాను.

కాయిల్ నేనే చుట్టుకునేవాడిని. స్క్రూడ్రైవర్ కాడకు సన్నతీగ ఏడు చుట్లు చుట్టి, నడుమ దూది దూర్చి, పైన వేప్ ద్రవం చుక్కలు పోసి. అలా చుడుతూ కూర్చుంటే మా నాయనమ్మ గుర్తొచ్చేది. ఆవిడా చుట్టేది, పొగాకు. మాది శ్రీకాకుళం వైపు. నాయనమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్లకు చెప్పాలి, అడ్డపొగంటే వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. నిప్పు లోపల, చుట్ట బయట. సముద్రపు గాలికి ఆరదని, రెండు చేతులకూ పని చేసుకునే వీలుంటుందని చెప్పేది. అంగిలంతా తెల్లబారి గరుకెక్కి, పచ్చడి తగిలితే గిలగిల్లాడిపోయేది. "నిప్పు నోట్లో పెట్టుకుంటావేంటే, బుద్ధుందా?" అని మా నాన్న అరిస్తే ఇంటరు పాసైన నేను పక్కన నిలబడి తలూపేవాడిని. ఇరవయ్యేళ్ల తర్వాత నేను పెట్టుకున్నది నిప్పు కూడా కాదు, దానికన్నా రెండాకులు ఎక్కువే చదివింది. ఆవిడ చుట్ట ఏనాడూ పేల్లేదు.

మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు నీకు జరిగిన సన్మానం మర్చిపోయావా? నీ రాగి నల్లబడింది. వారం రోజులైతే చాలు, నువ్వు గుడి గంటలా మాసిపోతావు. ఒక శుక్రవారం ఆఫీసు కాల్ ముగించుకుని కిందికొచ్చేసరికి బ్యాటరీ ఒక పక్క, కాయిల్ ఒక పక్క పడున్నాయి. నువ్వేమో చింతపండుతో ఒళ్లంతా తోమించుకుని కుందుల పక్కన తళతళలాడుతున్నావు. నీ నోట్లో రెండు అగరొత్తులు.

"ఇదేట్రా, పూజ సామాను తెచ్చుకుని టేబుల్ మీద పడేస్తావా?" అంది అమ్మ.

"అదీ..." అన్నాను. మా ఆవిడ నా వంక చూసిన చూపులో మాత్రం ఆంపియర్లు లెక్కకందవు.

అమ్మ ఉండగానే అసలు సంగతి జరిగింది. ఫ్రిస్కోలో గుడికి బయల్దేరాం. నిన్ను కారు కప్ హోల్డర్‌లో నిలబెట్టాను. నీ బటన్ అడుగున ఉంటుందని, అది నొక్కుకోకుండా తిప్పాల్సిన లాక్ రింగు ఒకటుందని నాకు తెలుసు. తిప్పానా లేదా అన్నదే గుర్తులేదు. రోడ్డు మీద ఒక్క కుదుపు, నీ బరువంతా బటన్ మీద పడింది. షాపులో చూసిన ఆ చిప్పు పెట్టె అయితే పది సెకన్లకు తనే ఆగిపోయేది. నీకు పదీ తెలియదు, పదకొండూ తెలియదు.

"ఏటో కాలుతున్న వాసనొస్తంది" అంది అమ్మ వెనకసీట్లోంచి.

చేత్తో పట్టుకుంటే చుర్రుమంది. కారు పక్కకు లాగి, చున్నీలో చుట్టి నిన్ను దూరంగా సిమెంటు మీద పడేశాను. ఆ చున్నీ కొత్తది, దాని గురించి ఇంట్లో ఇప్పటికీ మాటొస్తుంది. అరగంటసేపు ముగ్గురం రోడ్డు పక్కన నిలబడి, పేలుతుందా పేలదా అని ఒక గొట్టం వైపు చూస్తూ ఉన్నాం. అమ్మ ఆంజనేయ దండకం రెండుసార్లు పూర్తిచేసింది. నువ్వు పేల్లేదు, అందుకు కృతజ్ఞుణ్ని.

ఆ రాత్రి నిద్రపట్టక చదివాను, కొనేముందు చదవాల్సినవి. బ్యాటరీ అతిగా వేడెక్కితే లోపల గ్యాసు పుడుతుంది. దానికి దారివ్వడానికే గొట్టానికి బెజ్జాలు పెడతారు. ఆ దారి చాలకపోతే అటూ ఇటూ మూతలు బిగించిన లోహపు గొట్టం నాటుబాంబుతో సమానం. మెకానికల్ మాడ్ పేలి 2018 మే నెలలో ఫ్లోరిడాలో 38 ఏళ్ల మనిషి చనిపోయాడు. మరుసటి జనవరిలో ఇక్కడే, మా పక్కనున్న ఫోర్ట్‌వర్త్‌లో, వేప్ పేలి మెడలో రక్తనాళం తెగి 24 ఏళ్ల కుర్రాడు పోయాడు. అమెరికా అగ్నిమాపక విభాగం 2009 నుంచి 2016 వరకు పేలుళ్లు, మంటలు 195 లెక్కగట్టింది. అందులో 61 జేబులో ఉన్నప్పుడు జరిగినవే. నా విడి బ్యాటరీ ఏడాదిపాటు ప్యాంటు జేబులో ఇంటి తాళాలతో కలిసి గలగలలాడుతూ తిరిగింది.

పొద్దున్నే వెళ్లి పెట్టె కొన్నాను.

నీ సవతి గురించి చెబుతాను, విను. ఐదుసార్లు నొక్కితే గాని నిద్రలేవదు. బ్యాటరీ తిరగేసి పెడితే పలకదు. కాయిల్ షార్ట్ అయితే 'చెక్ ఆటమైజర్' (కాయిల్ ఉన్న భాగం చూసుకో) అని మొహమ్మీదే చెబుతుంది. బ్యాటరీ నీరసిస్తే పని మానేస్తుంది. స్టీలు తీగ వేశామని చెప్పామంటే, వేడెక్కేకొద్దీ నిరోధం ఎంత పెరుగుతోందో చూసి ఉష్ణోగ్రత పసిగట్టి, దూది మాడకముందే చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఇంటర్‌లో నాలుగు మార్కులకు రాసిన పాఠాన్ని అది సెకనులో ఎన్నోసార్లు చేస్తుంది, ర్యాంకు గురించి గొప్పలు చెప్పుకోకుండా.

ఇదంతా బాగానే ఉంది. మూడోరోజు అసలు గుణం బయటపడింది. స్క్రీను కింద మూలగా ఒక చిన్న అంకె, దమ్ముల లెక్క. నేను గమనించకముందే మా ఆవిడ గమనించింది.

"ఏమండీ, ఈ 312 ఏమిటి?"

"మొత్తం మీద అనుకుంటా."

"నిన్న రాత్రి సున్నా చేశాను."

గొట్టమా, నిజం ఒప్పుకుంటున్నాను. నేను నిన్ను ప్రేమించింది స్వాతంత్ర్యం కోసం కాదు, రాగి రంగుకూ కాదు. నువ్వు లెక్క రాయవు. రోజుకు పది సిగరెట్లు తాగినప్పుడు సిగరెట్ ప్యాకెట్టు చూస్తే ఎన్ని మిగిలాయో తెలిసేది. నీతో ఉన్నంతకాలం నేను 'బాగా తగ్గించాను'. ఆఫీసులో అందరికీ అదే చెప్పాను, డాక్టరుకూ అదే చెప్పాను.

"ఇది సేఫ్టీ ఉన్నదోయ్" అని సర్దిచెప్పబోతే మా ఆవిడ, "వేళ్లకా, ఊపిరితిత్తులకా?" అంది. దానికి జవాబు ఏ చిప్పులోనూ లేదు.

కిందటి సంక్రాంతికి ఇండియా వెళ్లాం. అక్కడ మీ ఇద్దరి తగాదాయే లేదు. 2019 సెప్టెంబరులో మొత్తం ఇ-సిగరెట్లనే నిషేధించారు. చిప్ ఉన్నదీ లేనిదీ ఒకే గాటన కట్టి, మొదటిసారి అమ్మితే ఏడాది దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో అన్నారు. మీ ఇద్దరినీ ఇర్వింగ్‌లోనే వదిలి, పదహారు గంటల విమానం గోళ్లు కొరుక్కుంటూ గడిపి దిగాను. మా వీధి చివర పాన్‌డబ్బాలో సిగరెట్ పెట్టెలు వరసగా ఉన్నాయి. పెట్టెమీద 85 శాతం మేర పుండు బొమ్మ. కొట్టతను ఆ బొమ్మను బొటనవేలితో మూసి విడి సిగరెట్ తీసిచ్చాడు, అలవాటుగా, ఎంతో మర్యాదగా.

తిరిగొచ్చాక నీకు ఉద్యోగం ఇప్పించింది అమ్మే. వీడియో కాల్‌లో అలమర చూపించమని, "ఆ రాగి స్టాండేదిరా?" అని అడిగింది. బ్యాటరీని రీసైక్లింగ్ డబ్బాలో వేశాం, కాయిల్ పారేశాం, నిన్ను చింతపండుతో తోమాం. ఇప్పుడు వెంకటేశ్వరస్వామి పటం కింద నిలబడి ఉన్నావు. మామూలు రోజుల్లో ఒక అగరొత్తి, శుక్రవారం రెండు. నీ బెజ్జాల్లోంచి బూడిద రాలుతోందని మా ఆవిడ కింద సాసరు పెట్టింది.

ఇట్లు,
తమ మాజీ ఫ్యూజు

తా.క. ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు పెట్టె మీద అంకె 88. ఇప్పుడు 131.