సమ్మర్ క్యాంప్ దెయ్యం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సమ్మర్ క్యాంప్ దెయ్యం గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. మీరు అక్కడ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. మీరు పోయి చాలా కాలమైందట కదా.

పిల్లల హారర్ కథల్లో మీ ఉద్యోగం చూస్తే జాలేస్తోంది. 1861లో అమెరికాలోని కనెటికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే పంతులుగారు తన విద్యార్థులను సముద్రతీరానికి నడిపించుకెళ్లి గుడారాలు వేయించారు. అక్కడి సమ్మర్ క్యాంపులకు అదే తొలి అడుగంటారు. ఆరుబయట పిల్లలు హాయిగా ఉంటారు, నిజమే. రాత్రి వాళ్లను పడుకోబెట్టేదెవరు? అలా మీకు పోస్టింగ్ వచ్చిందని నా అనుమానం.

న్యూయార్క్ వైపు క్యాంపుల్లో మీ పేరు క్రాప్సీ. ఒక్కో క్యాంపులో ఒక్కో పూర్వకథ. మీరు తిరిగే చోటు మాత్రం ఎప్పుడూ పిల్లలు వెళ్లకూడని చోటే: చెరువు గట్టు, పాత షెడ్డు, హద్దు దాటాక మొదలయ్యే అడవి. భోజనాల దగ్గర మీరెప్పుడైనా కనిపించారా? జీతం లేని నైట్ వాచ్‌మన్ అండీ మీరు!

మీ సరంజామాకూ పైసా ఖర్చు లేదు. గడ్డం కింద టార్చి పెడితే నీడలు తలకిందులై ఏ ముఖమైనా మీదే అవుతుంది. ఉత్తర అమెరికా సరస్సుల్లో లూన్ పక్షి రాత్రిపూట ఏడ్చినట్టు కూస్తుంది. కుళ్లిన దుంగల మీద కొన్ని రకాల బూజు చీకట్లో పచ్చగా వెలుగుతుంది. ఇంత ఉండి కూడా మీరు చేసేదేమిటి? అధ్యాయం చివర భుజం మీద చల్లటి చెయ్యి. పేజీ తిప్పితే పక్కమంచం కుర్రాడు, టాయిలెట్‌కు తోడు రమ్మంటున్నాడు. మూడోసారికి అది ‘నాన్నా పులి’ కథే.

నాకు నిజంగా వెన్ను జలదరించేది వేరే చోట. “రాత్రి నుంచి పక్కమంచం ఖాళీగా ఉంది సార్” అంటాడు పిల్లాడు. క్యాంపు పెద్దాయన రిజిస్టర్‌లోంచి తల కూడా ఎత్తకుండా “పళ్లు తోముకున్నావా?” అంటాడు. మీరు మీ చేతిలోని గొడ్డలి కాస్త పక్కన పెట్టి ఆయన దగ్గర నాలుగు రోజులు ట్రైనింగ్ తీసుకోండి.

ఇట్లు,
టార్చి ఇంకా ఆర్పని పాఠకుడు

తా.క.: నా మంచం కింద చెప్పులు తప్ప ఏమీ లేవు. ఇప్పుడే నాలుగోసారి చూశాను.