ఆ ప్రార్థన తీసేయమన్నారు

మొన్న డిసెంబరులో బెజవాడలో మన సంఘం చేసిన సేవా కార్యక్రమాలకి మీలో చాలామంది వచ్చారు. కంటి శిబిరం, స్కాలర్‌షిప్పుల పంపిణీ, చివరి రోజు సాహిత్య సభ. ఆ సభలో నేను రెండో వరసలో ఉన్నాను. జ్యోతి వెలిగించారు, శుక్లాంబరధరం చదివారు, నేనూ గొంతు కలిపాను. ఆ తర్వాత కథాపఠనం. గుంటూరు నుంచి వచ్చిన ఒకావిడ, స్కూల్ టీచరు, కాయితాలు పట్టుకుని వేదిక పక్కన నిలబడి ఉన్నారు. నాలుగు కథలు చదివించారు. ఆవిడ పేరు మాత్రం పిలవలేదు.

టీ సమయంలో వెళ్లి అడిగాను. సభ మొదలయ్యే ముందు నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి, "మతప్రచారంలా ఉందమ్మా, చివర్లో ఆ ప్రార్థన తీసేసి చదవండి" అన్నారట. కాసేపటికి ఇంకొకాయన వచ్చారు. ఆయన ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషే. "ప్రార్థన ఉంటే ఉండనీండి గానీ ఆ సమాధుల తోట సంగతి వద్దు, మన పరువు పోతుంది" అన్నారట. రెండూ తీసేశాక చదవడానికి ఏముంటుందని ఆవిడ కాయితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. భోజనానికి కూడా ఆగకుండా బస్టాండుకి ఆటో ఎక్కారు. నేను అడిగితే ఒక ప్రతి ఇచ్చి వెళ్లారు.

కథ ఇది. గుంటూరు పక్క పల్లెలో ఒక అయ్యగారు, అంటే చర్చి పాస్టరు. ఎన్నికల ముందు, క్రిస్మస్‌కి ముందుగా జరుపుకునే సెమీ క్రిస్మస్ సాయంత్రం అభ్యర్థి పెద్ద కేకు పట్టుకుని వస్తాడు. "వాక్యం అయిపోయాక మనవాళ్లకి ఒక్క మాట చెప్పండి అయ్యగారూ. అబ్బాయి ఎస్సీ సర్టిఫికెట్ సంగతి మేం చూసుకుంటాం" అంటాడు. ఈ రెండో మాటలో ఎంత భయం పెట్టాడో మన జిల్లాల్లో పల్లెకి దగ్గరగా బతికినవాళ్లకి చెప్పక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుణ్నని కాగితం మీద రాసుకున్న దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందకి, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వెళ్తాడు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరుగారి కేసులో, క్రైస్తవం పుచ్చుకున్న దళితులకి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని కూడా చెప్పింది. ఊళ్లో కులం మాత్రం ఎవర్నీ వదల్లేదు. అందుకే ఎన్నో ఇళ్లలో సర్టిఫికెట్టు ఒకటి చెబుతుంది, ఆదివారం ఇంకోటి చెబుతుంది. పిల్లాడి చదువు ఆ రెంటి మధ్య వేలాడుతూ ఉంటుంది.

అయ్యగారు లొంగరు. "ఈ బల్ల దగ్గర ఓటు మాట ఎత్తను" అంటారు. అక్కడే ఆపేస్తే అది మంచి పాస్టరుగారి కథ అయ్యేది. వారం తిరక్కుండా ఆ చర్చి సంఘంలో ఒక ముసలావిడ చనిపోతుంది. హిందువుల ఇంటికి ఇచ్చిన కూతురు చేసుకున్న సత్యనారాయణ వ్రతంలో కూర్చుని ప్రసాదం తిన్నది కాబట్టి సమాధుల తోటలో చోటిచ్చేది లేదంటారు సంఘపెద్దలు. నాయకుడికి ఎదురు నిలిచిన మనిషి పెద్దల ముందు నోరు విప్పలేకపోతారు. ఆ రాత్రి ఒక్కరే గుళ్లో మోకరిస్తారు. "ప్రభువా" అని, ఆపైన మాట రాదు. లేచి, లైటు ఆర్పి, చెప్పులేసుకుని ఇంటికి నడుస్తారు.

తీసేయమన్న ప్రార్థన అదే. ఒకే ఒక్క పిలుపు. దాంతో ఎవరు మతం మారతారు?

ఇంత బాధ నాకెందుకు కలిగిందో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. గుంటూరులో బ్రాడీపేటలో ఉండేవాళ్లం. మా పక్క వాటాలో లూథరన్ క్రైస్తవ కుటుంబం. ఆవిడా టీచరే. క్రిస్మస్ రోజు పొద్దున్నే గుడి నుంచి వచ్చి, తెల్ల పట్టుచీర మార్చకుండానే మాకు పళ్లెం తెచ్చేవారు. అరిసెలు, చక్రాలు, కజ్జికాయలు, కేకు ముక్కలు. పైన ఆవిడే అల్లుకున్న క్రోషియా గుడ్డ. మా మామ్మ నవ్వుతూ అందుకునేది, "ఎందుకమ్మా ఇంత శ్రమ" అనేది. ఆవిడ గుమ్మం దాటగానే పళ్లెం తిన్నగా పెరట్లోకి, పనమ్మాయి కొంగులోకి వెళ్లేది. గుడ్డ మాత్రం ఉతికి, మడతపెట్టి, పళ్లెంలో పంచదార పోసి తిరిగి ఇచ్చేవాళ్లం. సంక్రాంతికి మేం పంపిన అరిసెలు వాళ్ల పిల్లలు మా ముందే తినేవారు.

నాకు పదేళ్లప్పుడు, ఒక క్రిస్మస్ నాడు టీచరుగారు గుడ్డ మర్చిపోయానని వెనక్కి వచ్చారు. పెరటి తలుపు తెరిచి ఉంది. పనమ్మాయి కొంగు చాపి ఉంది, మామ్మ పళ్లెం వంచుతోంది. కేకు ముక్క ఒకటి జారి గచ్చు మీద పడింది. టీచరుగారు చూశారు. నేను ఆవిణ్ని చూశాను. ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

మరుసటేడు కూడా పళ్లెం వచ్చింది. అదే గుడ్డ. గుడ్డ తీస్తే కమలాపళ్లు, ఆపిళ్లు, సీలు తియ్యని బిస్కెట్ పాకెట్టు. పండుకి అంటు లేదని ఆవిడకి తెలుసు. మామ్మ ఆ రోజు వాకిట్లో కూర్చుని కమలాపండు ఒలిచి తొనలు మా చేతుల్లో పెట్టింది. మేం ఆ ఊరు వదిలేదాకా పళ్లే వచ్చాయి.

మా మామ్మని దుష్టురాలు అనుకోకండి. బాబాయికి టైఫాయిడ్ ముదిరినప్పుడు గుణదల మేరీమాతకి మొక్కుకున్న మనిషి ఆవిడ. 1924లో ఫాదర్ అర్లాటి ఆ కొండ దగ్గర ప్రతిష్ఠించిన తల్లికి ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరనాళ్లు జరుగుతాయని మీకు తెలుసు. అక్కడ తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి, మెట్లన్నీ నడిచి ఎక్కింది. కొండమీది తల్లి దగ్గర లేని అడ్డు పక్కింటి అరిసె దగ్గర వచ్చింది. ఆ అడ్డు పేరు మతం కాదు. కులం. అది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

క్రైస్తవ మిత్రులు కూడా ఒక మాట వినాలి. ప్రసాదం చేతికిస్తే వెనక్కి తీసుకున్న చేతుల్ని నేను చూశాను. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం ఈ సంగతే మాట్లాడుతుంది. విగ్రహానికి పెట్టిన తిండిలో ఏమీ లేదంటూనే, బలహీనుడైన సహోదరుడి మనస్సాక్షిని నొప్పించవద్దంటుంది. ప్రసాదం తీసుకోకపోవడం విశ్వాసం, దాన్ని నేను గౌరవిస్తాను. పళ్లెం పెరట్లో వంచడంతో దాన్ని సమానం చేయను. కానీ ఒక ముదుసలి శవానికి ఆరడుగుల నేల ఇవ్వకపోవడం విశ్వాసమెలా అవుతుంది? ఆ ప్రశ్న అడిగింది కథ రాసినావిడ, లోపలి మనిషే. అడగనివ్వాలి.

జాషువా మన వినుకొండ మనిషి. గుడిలోకి రానివ్వని వాడి మొరని గబ్బిలంతో కాశీ విశ్వేశ్వరుడికి పంపిన ఆయనే 1958లో క్రీస్తు చరిత్ర రాశారు. దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. శివుణ్నీ క్రీస్తునీ ఒక్క గొంతుతో పిలిచిన కవిని ఏది తీసేయమందాం? ఆయన కూతురు హేమలత బెజవాడ నాస్తిక కేంద్రం గోరా గారి కొడుకు లవణాన్ని పెళ్లాడారు. క్రైస్తవ కవీ, దేవుడు లేడన్న గోరా వియ్యంకులైన నేల మీద, ఆ బెజవాడలోనే, ఒక కథలో "ప్రభువా" అన్న పిలుపుకి మనం భయపడ్డాం.

మన పత్రికలో వ్రతాల కథలు వేశాం, తిరుపతి యాత్రల కథలు వేశాం. అవి నాకు ఇష్టం, ఇంకా వేయండి. కథలో మనిషి ఇంట్లో దీపం పెడితే అది సంస్కృతి, మోకరిస్తే ప్రచారం అనే లెక్క మాత్రం వదిలేద్దాం. సర్వమత సమానత్వం మీద మనం ఎన్నో ఉపన్యాసాలు పెట్టించాం. ఆ అయ్యగారు లైటు ఆర్పి నడిచిన నడక నాకు అంతకన్నా ఎక్కువ చెప్పింది. ఆ కథలో హిందువుల పాపం ఉంది, క్రైస్తవుల పాపం ఉంది, ఓట్లవాళ్ల పాపం ఉంది. ఆవిడ ఎవర్నీ తిట్టలేదు.

సంపాదకులకి నా మనవి. కథ నా దగ్గర ఉంది, చేతిరాత పదకొండు పేజీలు. టైపు చేసి ఇచ్చే పూచీ నాది. ఫోన్ చేసి ఆవిణ్ని అనుమతి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వేస్తే మొత్తం వేయమనండి అమ్మా, లేకపోతే వద్దు" అన్నారు. ఉగాది సంచికకి ఇంకా వ్యవధి ఉంది. మొత్తం వేయండి.