పసుపు అక్రిలిక్ గారికి బహిరంగ లేఖ

కర్నూలు,
మే నెల, మిట్టమధ్యాహ్నం.

పసుపు అక్రిలిక్ గారూ,

ముందే చెబుతున్నా, ఇది పార్టీ గొడవ కాదు. మన రాష్ట్రంలో రంగు మాటెత్తితే జనం అటూ ఇటూ చూస్తారు. పంచాయతీ ఆఫీసులకు పట్టిన పార్టీ రంగులు దింపించడానికి 2020లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తమరు మాత్రం నేను రంగులేస్తున్న 28 మిల్లీమీటర్ల సైనికుడి బొమ్మ తలపాగా మీద కూడా నిలవరు.

పక్క సీసాలోని గోధుమరంగు రెండు పల్చటి కోట్లతో పని ముగిస్తుంది. ధర ఇద్దరికీ ఒకటే. తమరేమో మొదటి కోటుకు చారలు, రెండో కోటుకు గుంటల్లో మడుగులు. ఎత్తుగా ఉన్న మడతల మీద నుంచైతే నిలబడకుండా జారుకుంటారు. రంగుకు ముందు అడుగున వేసే నల్ల ప్రైమర్ పూత మీద వేస్తే ఏకంగా ఆకుపచ్చకు తిరుగుతారు. నామినేషన్ల వేళ కూడా ఇంత తొందరగా రంగు మార్చినవాళ్లను చూడలేదు.

కారణం తెలియక కాదు. బాగా కప్పే పాత పసుపు రంగుల్లో సీసం, కాడ్మియం ఉండేవి. విషమని చాలాచోట్ల వాటిని పక్కన పెట్టి ఆర్గానిక్ పిగ్మెంట్లు, అంటే కర్బన రంగుపొడులు, తెచ్చారు. వాటిలోంచి వెలుతురు దూరిపోయి కిందున్నదంతా కనబడుతుంది. మంచిదే, బ్రష్ మొనను నోట్లో పెట్టి సాపు చేసుకునే మహానుభావులు మనలో తక్కువేం కాదు. పోనీ మందంగా పులిమేద్దామంటే తలపాగా మడతలన్నీ పూడిపోతాయి.

పైగా మా ఊరి ఎండ తమరికి మంచి సాకు. 40 డిగ్రీలు దాటాక, ఫ్యాను కింద, రంగు కలుపుకునే పాలెట్ నుంచి బొమ్మ దాకా వచ్చేలోపే బ్రష్ మీద ఆరిపోతారు. సగం ఆరినచోట మళ్లీ బ్రష్ తగిలితే పొర లేచొస్తుంది. అందుకే టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి పరిచి, పైన బేకింగ్ పేపర్ వేసి, తమరికి చల్లటి పక్క ఏర్పాటు చేశాం. ఇంట్లో మనుషులకు కూలర్ లేదు, అది వేరే సంగతి. సీసా బాగా కుదిపి, పాలంత పల్చన చేసి, బ్రష్‌కి ఎక్కువైన రంగు గుడ్డకు తుడిచి, ఒకే దిక్కుకు లాగాం. కోటుకూ కోటుకూ మధ్య పూర్తిగా ఆరనిచ్చాం. అయినా నలుపు తొంగిచూస్తూనే ఉంది.

మా అవ్వ వచ్చి కళ్లజోడు సవరించుకుని చూసింది. "ఏమిరా, ఇంకా ఆ తలపాగా కాడే ఉండావా? నా చేతి పసుపు చిటికెడు పడితే నీ చొక్కా జన్మలో వదలదు!"

సర్లెండి, ఒక ఏర్పాటు చేశాను. ఇకనుంచి ముందు మట్టిపసుపు ఓకర్ వెళ్లి నలుపునంతా కప్పి వస్తుంది. అంతా సర్దుకున్నాక తమరు పైన రెండు పల్చటి పొరలుగా దయచేస్తే చాలు. చూసినవాళ్లు "అబ్బ, పసుపు ఎంత నున్నగా వచ్చిందో!" అంటారు. ఓకర్ పేరు ఎవరూ ఎత్తరు. అదీ ఏమీ అనుకోదు, కింద పనిచేసి అలవాటే.

ఇట్లు,
మూడో కోటు ఆరేదాకా ఫ్యాను కట్టేసి కూర్చున్న
ఒక కర్నూలు వాసి