నైరుతి ఖాళీగా ఉందా లేదా, ముందు అది చూడండి

మోటర్‌హోమ్ (ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి బండి) కొంటున్న మనవాళ్ళందరికీ డీలర్ అంటగట్టే వస్తువు ఒకటుంది: లోపల శాటిలైట్ టీవీ డిష్ ఉండే, కప్పు మీద బిగించే తెల్లటి డోమ్. బటన్ నొక్కితే చాలు, దానంతటదే శాటిలైట్‌ను వెతుక్కుంటుంది అంటాడు. నిజమే, వెతుక్కుంటుంది. దొరుకుతుందని మాత్రం అనడు, గమనించండి. బండి నడుస్తుండగా కూడా పనిచేసే రకమైతే ధర వెయ్యి డాలర్లు దాటుతుంది. పైగా దాన్ని బిగించడానికి కప్పుకు తూట్లు. ఆర్‌వీకి వాన నీటి లీకును మించిన శత్రువు లేదు. అలాంటిది డబ్బులిచ్చి మరీ కప్పుకు తూట్లు పొడిపించుకుంటున్నాం.

నన్నడిగితే వద్దు. నేల మీద ట్రైపాడ్ పెట్టి, చేత్తో తిప్పి సరిచేసుకునే మామూలు డిష్ కొనుక్కోండి. చూడ్డానికి బాగుండదు, పక్క క్యాంప్‌సైట్ వాళ్ళు వింతగా చూస్తారు. కానీ బొమ్మ వస్తుంది.

ఈ మాట అనగానే తయారవుతారు కొందరు, "అడవికి వెళ్ళి టీవీ ఎందుకండీ, ప్రకృతిని చూడండి" అంటూ. చూస్తాం బాబూ. నవంబర్‌లో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది, బయట వాన. లోపల ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు. ఆ ఇరుకులో గంటల తరబడి ప్రకృతిని చూసే ఓపిక మీకుంటే ఉండనివ్వండి, మాకు లేదు.

ఇంతకీ డీలర్ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఎవరూ అడగరు. మీరు బండి ఎక్కడ ఆపుతారు? అరిజోనాలో క్వార్ట్‌జైట్ లాంటి ఎడారిలో చలికాలమంతా గడిపేవాళ్ళకు డోమ్ హాయిగా ఉంటుంది, కాదనను. మనం వెళ్ళేది స్టేట్ పార్కులకు. సైట్ బుక్ చేసేటప్పుడు మొదట వెతికేదే నీడ. నీడంటే చెట్టు. చెట్టంటే డిష్‌కు గోడే.

టీవీ శాటిలైట్లు మన నెత్తిన ఉండవు. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో, మన కంటికి కదలకుండా ఉంటాయి. డిష్ నెట్‌వర్క్ అనే శాటిలైట్ టీవీ కంపెనీ పశ్చిమ వరస శాటిలైట్లే తీసుకోండి: 110, 119, 129 డిగ్రీల పశ్చిమ రేఖాంశాలు. డల్లాస్ చుట్టుపక్కల నుంచి చూస్తే ఈ మూడూ నైరుతి దిక్కున ఉంటాయి. ఇల్లు కట్టేటప్పుడు నైరుతి మూల ఎత్తుగా, బరువుగా ఉండాలంటారు కదా మన వాస్తు పండితులు. డిష్ వాస్తు దానికి పూర్తిగా రివర్స్. నైరుతి ఖాళీగా ఉంటేనే ఇంట్లో శాంతి.

అక్కడి నుంచి 110 శాటిలైట్ దిగంతం నుంచి సుమారు 49 డిగ్రీల ఎత్తున ఉంటే, 129 మరీ కిందికి, 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే ఆ దిక్కున 80 అడుగుల పైన్ చెట్టు ఉంటే, 129 అందాలంటే డిష్ ఆ చెట్టుకు 100 అడుగులకు పైగా దూరంలో ఉండాలి. ఈశాన్య కొసనున్న మెయిన్ రాష్ట్రం వెళితే అదే 129 దాదాపు 12 డిగ్రీలకు దిగిపోతుంది, ఆ చెట్ల మధ్య ఆశ వదులుకోవాల్సిందే. అటువైపు వెళ్ళేవాళ్ళకు 61.5, 72.7 డిగ్రీల తూర్పు వరస నయం. మీరు కొనే ఏంటెనా రెండు వరసలనూ చూడగలదా అని అడిగి మరీ కొనండి.

ఇప్పుడు కప్పు మీది డోమ్ సంగతి ఆలోచించండి. చెట్టు అడ్డమొస్తే దాన్ని జరపడానికి లేదు. బండినే జరపాలి. బండికి కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ గొట్టం అన్నీ తగిలించి, జాకులు దించి, పక్కన ఆనింగ్ (గుడ్డ పందిరి) విప్పాక ఎవడు జరుపుతాడు?

ఓక్లహోమాలో బ్రోకెన్ బో దగ్గర బీవర్స్ బెండ్ పార్కు ఉంది. డల్లాస్ తెలుగువాళ్ళలో తెలియనివాళ్ళు తక్కువ. థ్యాంక్స్‌గివింగ్ సెలవులకు అక్కావాళ్ళూ మేమూ రెండు బళ్ళలో వెళ్ళాం. ఆ రోజు డల్లాస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ అనేది 1966లో మొదలైన ఆనవాయితీ, మా పిల్లలకు అది పండగ కంటే ఎక్కువ. బావ బండికి కొత్త డోమ్. బటన్ నొక్కారు. పైన గుర్రుమంటూ ఒక చుట్టు తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. స్క్రీన్ మీద "వెతుకుతోంది". మళ్ళీ గుర్రు. కుర్చీ వేసుకుని కింద నుంచి చూస్తున్న నాన్న కాసేపటికి ఉండబట్టలేక, "అల్లుడుగారూ, తల తిప్పుతోంది గానీ దానికి కళ్ళు కనబడుతున్నట్టు లేవండీ" అన్నారు. బావ నవ్వలేదు.

నేను మా ట్రైపాడ్ తీసుకుని, ఫోన్‌లో శాటిలైట్లు ఎక్కడున్నాయో చూపించే యాప్ తెరిచి, సైట్ చివర దాకా నడిచాను. రెండు పైన్ చెట్ల మధ్య ఓక్ చెట్టు ఒకటి ఆకులన్నీ రాల్చేసి నిలబడి ఉంది, దాని వెనక ఆకాశం. వేసవిలో అయితే అక్కడా దారి లేదు. ట్రైపాడ్ గొట్టం నిట్టనిలువుగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూశాను. ఇక్కడే చాలామంది తొందరపడతారు. గొట్టం ఒరిగితే యాప్ చెప్పిన ఎత్తు, దిక్కు, వాలు మూడూ తప్పే అవుతాయి, తర్వాత గంటసేపు తిప్పినా ఫలితం ఉండదు. దిక్సూచి వాడేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోండి: అది చూపించేది అయస్కాంత ఉత్తరం. ఓక్లహోమాలో తేడా కొద్దిగానే ఉంటుంది గానీ ఉత్తర కాలిఫోర్నియాలో 13, 14 డిగ్రీలు దాకా వస్తుంది.

కేబుల్ బండి దాకా లాగి, నాన్నను టీవీ ముందు కూర్చోబెట్టాను. నేను తిప్పడం, ఆయన కిటికీలోంచి అంకెలు అరవడం. అచ్చం ఊళ్ళో డాబా మీద దూరదర్శన్ ఏంటెనా తిప్పిన రోజులే. కాకపోతే అప్పుడు బొమ్మ చుక్కలు చుక్కలుగా అయినా ఆనవాలు ఇచ్చేది. ఇక్కడ సిగ్నల్ ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే నల్ల తెరే. అందుకే వేలెడంత తిప్పి, బాక్సు పట్టుకునేదాకా కొన్ని సెకన్లు ఆగాలి. "సున్నా... సున్నా... పన్నెండు... ఆగమ్మా ఆగు, నలభై!" గాలికి పడిపోకుండా ట్రైపాడ్ మధ్యలో ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచి వేలాడదీశాను. కిక్‌ఆఫ్‌కు ముందే రెండు కుటుంబాలూ మా బండిలో ఉన్నాయి.

ఆ చిన్న డోమ్‌లతో ఇంకో తంటా ఉంది, దాన్నెవరూ చెప్పరు. చాలావాటికి ఒక సమయంలో ఒక్క శాటిలైటే కనబడుతుంది. వెనక బెడ్‌రూమ్ టీవీలో పిల్లాడు ఒకటి చూస్తుంటే, ముందు టీవీలో మీరు ఛానల్ మార్చారనుకోండి, ఆ ఛానల్ వేరే శాటిలైట్ మీదుంటే డోమ్ అటు తిరుగుతుంది, వాడి ప్రోగ్రామ్ గోవిందా. మూడింటినీ ఒకేసారి చూసే పెద్ద డిష్‌తో ఈ గొడవ లేదు.

లోకల్ ఛానళ్ళ గోల వేరు. ఏ ఊరి ఛానళ్ళను ఆ ఊరి ప్రాంతం మీదే పడే చిన్న బీమ్‌లో పంపిస్తారు. ఇంటికి బాగా దూరం వెళ్ళాక మిగతావన్నీ వస్తూ డల్లాస్ లోకల్స్ మాత్రం మాయమైతే డిష్ పాడైందని కంగారుపడకండి. కంపెనీకి చెప్పి అడ్రస్ మార్పించుకోవాలి. లేదంటే న్యూయార్క్, లాస్ ఏంజిల్స్ నెట్‌వర్క్ ఛానళ్ళు అడగొచ్చు. 2019 చట్టం ఆ వెసులుబాటును బాగా కుదించినా ఆర్‌వీలకూ ట్రక్కులకూ ఉంచింది, రిజిస్ట్రేషన్ కాపీ చూపించాలి. ఫోన్‌లో మాట్లాడే కుర్రాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసినవాళ్ళు తగిలేదాకా ఓపిక పట్టండి.

"స్టార్‌లింక్ ఉండగా ఇంకా డిష్ ఏమిటి" అనేవాళ్ళకు: మా దగ్గర ఆ శాటిలైట్ ఇంటర్నెట్టూ ఉంది. తెలుగు ఛానళ్ళు దాని మీదే చూస్తాం, నాన్నకు పొద్దున్నే యూట్యూబ్‌లో న్యూస్ లైవ్ లేకపోతే కాఫీ దిగదు. కానీ చెట్ల కింద దాని పరిస్థితి ఇంకా ఘోరం. దాని శాటిలైట్లు 500 కిలోమీటర్లకు అటూఇటూ ఎత్తులో పరుగులు పెడుతుంటాయి, కాబట్టి దానికి 100 డిగ్రీలు, ఆపైన వెడల్పున ఆకాశం కావాలి. మామూలు డిష్‌కు కొమ్మల మధ్య సరైన సందు దొరికితే చాలు, ఆ సందులోంచి రోజంతా చూస్తుంది. పార్కులో మన స్టార్‌లింక్ ప్రతి రెండు నిమిషాలకూ ఆగి గుండ్రంగా తిరుగుతుంటే, మ్యాచ్ చూసేవాళ్ళ బీపీ ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. పైగా హెచ్‌డీ వీడియో గంటకు 3 జీబీ దాకా తినేస్తుంది, డేటా లిమిట్ ఉన్న ప్లాన్‌లో అది తక్కువేం కాదు. తెలుగు ప్యాక్ డిష్ నెట్‌వర్క్‌లోనే తీసుకుందామనుకునేవాళ్ళు, అది ఏ శాటిలైట్ నుంచి వస్తుందో, మీ ఏంటెనాకు అది కనబడుతుందో ముందే రాతపూర్వకంగా అడగండి.

చివరిగా, ఇంకో శాటిలైట్ టీవీ కంపెనీ డైరెక్‌టీవీ పాత డోమ్ చవగ్గా వస్తోంది తీసుకోమంటారా అని అడిగినవాళ్ళకు. వద్దు. ఆ కంపెనీ హెచ్‌డీ ఛానళ్ళు 99, 103 డిగ్రీల నుంచి కేఏ బ్యాండ్ అనే వేరే రకం తరంగాల్లో వస్తాయి. ఆ చిన్న డోమ్‌లకు అవి అందవు. ఊరికే ఇచ్చినా కప్పుకు తూట్లు మాత్రం మీవే.