ప్లాను తప్పితే తనఖా, ప్రాణం పోతే?

హైదరాబాద్‌లో పెద్ద భవనం కట్టేవాళ్లు మొత్తం కట్టడంలో 10 శాతం విస్తీర్ణాన్ని అనుమతి ఇచ్చే సంస్థ పేరిట తనఖా పెట్టాలి. 2012 నాటి భవన నిబంధనల్లోనే ఈ షరతు ఉంది. ప్లాను దాటి గోడ జరిగినా, భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీని (సెట్‌బ్యాక్‌ను) మింగినా, భవనాన్ని వాడుకోవడానికి ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఆగుతుంది, తనఖాలోని ఫ్లాట్లు చేతికి రావు. కోట్ల రూపాయల ఆస్తి ఇరుక్కుపోతుంది కాబట్టి ఏ బిల్డరూ దీన్ని తేలిగ్గా తీసుకోడు. అదే భవనం ఇరవయ్యో అంతస్తు నుంచి కూలీ పడి చనిపోతే మాత్రం తనఖా ఫైలు కదలదు. పోలీసులు కేసు రాస్తారు, పని ఒకటి రెండు రోజులు ఆగుతుంది, మృతదేహం అంబులెన్స్‌లో సొంతూరికి బయల్దేరుతుంది, ఆ తర్వాత అంతా మామూలే. గోడ జరిగితే పట్టుకునే వ్యవస్థ మనిషి పోతే పట్టించుకోకపోవడమే మన నిర్మాణ రంగంలోని అసలు లోపమని మా అభిప్రాయం.

ఈ చావుల్లో మన వాటా పెద్దది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది మరణించారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లే. 2016 డిసెంబరులో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఏడంతస్తుల భవనం కూలినప్పుడు 11 మంది పోయారు. అక్కడా విజయనగరం జిల్లా కూలీలున్నారు. ఇంతమంది ఒక్కసారి పోతే మంత్రులు వస్తారు, విచారణ కమిషన్లు కూర్చుంటాయి. ఒక్కరొక్కరుగా రాలిపోయే వాళ్లకు జిల్లా పేజీలో నాలుగు లైన్లు దక్కితే గొప్ప.

వీటిని ప్రమాదాలు అంటున్నాం కానీ చాలావాటి వెనక ముందే తెలిసిన లెక్క ఉంది. స్లాబు సంగతే చూడండి. ఘనపు మీటరు కాంక్రీటు దాదాపు 2,500 కిలోలు తూగుతుంది. ఆరంగుళాల స్లాబు అంటే చదరపు మీటరుకు సుమారు 375 కిలోలు. దాని మీద తిరిగే మనుషులు, వైబ్రేటర్లు, సెంట్రింగ్ సామాను అదనం. పచ్చి కాంక్రీటు తన బరువు తాను మోసుకోలేదు. ఆ భారమంతా ప్రాపుల (స్లాబు కింద ఊతగా నిలబెట్టే స్తంభాల) మీదుగా కింది స్లాబుకు దిగుతుంది. ఇళ్ల స్లాబులను మనుషులు, సామాను కోసం చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. అంటే రేపు మంచాలు, బీరువాలు మోయాల్సిన స్లాబు, ఇంకా వారం వయసులో ఉండగానే, దానికి రెట్టింపుకు దగ్గరి బరువును నెత్తిన పెట్టుకుంటోంది. అందుకే కింద రెండు మూడు అంతస్తుల దాకా ప్రాపులు ఉంచి ఆ బరువును పంచాలి. ఒక్క అంతస్తు ప్రాపులు ముందే లాగేస్తే ఈ లెక్కంతా తలకిందులవుతుంది.

దీనికి కొలతలు లేకనా? కాంక్రీటు పనులకు మన దేశంలో ప్రమాణమైన ఐఎస్ 456 స్పష్టంగానే చెప్పింది. సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటుతో వేసిన స్లాబుకు, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు అయితే ప్రాపులు 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14 రోజులు. ఆరు మీటర్లు దాటిన బీముల కింద 21 రోజులు. ఇప్పుడు విరివిగా వాడే ఫ్లైయాష్ సిమెంటు ఇంకా నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి మరికొంత ఆగాలి. మరోవైపు వారానికో స్లాబు వేస్తున్నామని మార్కెటింగ్ వాళ్లు గొప్పగా చెప్పుకుంటున్నారు. అల్యూమినియం షట్టరింగ్‌తో, అంటే కాంక్రీటు పోసే అల్యూమినియం అచ్చు పలకలతో, అలా వేయడం తప్పేమీ కాదు. ప్యానెళ్లు విప్పినా ప్రాపులు కదలకుండా ఉండే ఏర్పాటు ఆ పద్ధతిలోనే ఉంది. తప్పల్లా ఆ ప్రాపులను కూడా పైకి తరలించే తొందరలో ఉంది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, విల్లో ఐలాండ్ దగ్గర 1978 ఏప్రిల్ 27న కూలింగ్ టవర్ మీది పరంజా ఊడిపడి 51 మంది చనిపోయారు. ఆ పరంజాకు ఆధారం ముందురోజు పోసిన కాంక్రీటే. అది ఇంకా అంత బరువు మోసే స్థితికి రాలేదని దర్యాప్తులో తేలింది.

ప్రాపులు ఎప్పుడు తీయాలో ఎవరు చెబుతారు? కాగితం మీద ఇంజినీరు, సైటులో సెంట్రింగ్ మేస్త్రి. మేస్త్రికి డబ్బు చదరపు అడుగుల లెక్కన వస్తుంది. సామాను పై అంతస్తుకు ఎక్కితేనే తర్వాతి బిల్లు. అతని పైన సబ్ కాంట్రాక్టరు, ఆ పైన కాంట్రాక్టరు, అందరి పైన బిల్డరు. ఒకప్పుడు పాలమూరు నుంచి గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి కూలీలను దేశమంతా డ్యాముల పనులకు తీసుకెళ్లేవాడు. ఇప్పుడు అదే పద్ధతిలో బిహార్, జార్ఖండ్, ఒడిశా నుంచి మనుషులు కోకాపేటకూ నార్సింగికీ దిగుతున్నారు. ప్రమాదం జరిగితే ఈ నిచ్చెన అట్టడుగు మెట్టు మీదున్న మేస్త్రి అరెస్టవుతాడు. వారానికో స్లాబు కావాలని షెడ్యూలు వేసినవాళ్ల పేర్లు ఎఫ్ఐఆర్ దాకా రావడం అరుదు.

పడిపోయే చావుల కథ వేరు. టవర్ అంచున పనిచేసే మనిషి ఒంటిమీద సేఫ్టీ బెల్టు ఇప్పుడు దాదాపు ప్రతి పెద్ద సైటులోనూ కనిపిస్తుంది. బెల్టు కాదు, హుక్కు చూడాలి. అది చాలాసార్లు వీపు వెనక వేలాడుతుంటుంది, లేదా కాలమ్ లోంచి పొడుచుకొచ్చిన రాడ్డుకు ఊరికే తగిలించి ఉంటుంది. కూలీ నిర్లక్ష్యం అనేయడం తేలిక. తగిలించడానికి లైఫ్‌లైన్ తాడు కట్టిందెవరు? ఒకే హుక్కున్న బెల్టుతో నాలుగడుగులు పక్కకు జరగాలంటే విప్పక తప్పదు. రెండు హుక్కులుంటే ఒకటి విప్పినా మరొకటి పట్టుకుని ఉంటుంది. ఆ రెండో హుక్కుకు అయ్యే ఖర్చు ఫ్లాటు ధరలో లెక్కలోకి కూడా రాదు. ఇక పైపుల కోసం స్లాబులో వదిలిన డక్టు రంధ్రాల మీద ప్లైవుడ్ ముక్క పడేస్తారు, మేకు కొట్టరు, రంగు గుర్తు వేయరు. మరో కూలీ అది పనికొచ్చే చెక్క అనుకుని రెండు చేతులతో ఎత్తి ఒక అడుగు ముందుకు వేస్తాడు. చేతిలోని చెక్కే కాళ్ల ముందున్న రంధ్రాన్ని కంటికి కనపడకుండా చేస్తుంది. నిర్మాణ రంగంలో ఇది ఎంత పాత సంగతంటే, భద్రత పాఠం చెప్పే ఎవరినడిగినా ముందు ఇదే చెబుతారు. అయినా ఆపడానికి నాలుగు మేకులు దొరకడం లేదు.

పని దిగి వచ్చాక కూడా భద్రత లేదు. 2024 మే 7న హైదరాబాద్ శివారు బాచుపల్లిలో కుండపోత వానకు నిర్మాణంలో ఉన్న అపార్టుమెంటు రిటైనింగ్ గోడ (మట్టి జారకుండా ఆపే గోడ) కూలి పక్కనే ఉన్న కూలీల షెడ్ల మీద పడింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఏడుగురు చనిపోయారు, వారిలో నాలుగేళ్ల పిల్లాడూ ఉన్నాడు. లేబర్ షెడ్లు ఎక్కడ వేయాలో ప్లానులో చూపించాలని ఎవరూ అడగరు.

చట్టం సంగతి చెప్పాలంటే, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం భద్రతా నిబంధనలు ఉల్లంఘిస్తే వేసిన శిక్ష మూడు నెలల జైలు లేదా రెండు వేల రూపాయల జరిమానా, లేదంటే రెండూ. రెండు వేలు! సైటులో ఒక పూట టీ ఖర్చు అంతకంటే ఎక్కువ అవుతుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ దీన్ని మార్చింది. విధి తప్పడం వల్ల కార్మికుడు చనిపోతే రెండేళ్ల దాకా జైలు లేదా కనీసం ఐదు లక్షల జరిమానా, లేదా రెండూ. జరిమానాలో కనీసం సగం వారసులకు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. సేఫ్టీ ఆఫీసరును పెట్టాల్సిన పరిమితి కూడా 500 మంది నుంచి 250కి దిగింది. ఇది మంచి మార్పే. కానీ ఒకే టవర్ పనిని నలుగురు సబ్ కాంట్రాక్టర్లకు పంచి ఒక్కొక్కరి దగ్గర 200 మందిని చూపిస్తే ఏమిటన్నది రాష్ట్రాలు తమ నిబంధనల్లో తేల్చాలి. లెక్క సైటుకు ఉండాలి, కాంట్రాక్టరుకు కాదు.

భద్రత కోసం పని నెమ్మదిస్తే ఫ్లాట్ల ధరలు పెరుగుతాయని బిల్డర్ల సంఘాలు అంటాయి. ఒక స్లాబుకూ మరో స్లాబుకూ మధ్య గడువు వారం నుంచి పది రోజులకు మారితే వడ్డీ భారం పెరిగే మాట నిజమే, కాదనం. ఆ భారం కొనేవాళ్లు, అమ్మేవాళ్లు పంచుకోవాల్సినదే తప్ప కూలీ మీద తోసేది కాదు.

తనఖా నిబంధనను సవరించడం మేం మొదట కోరేది. ప్రతి స్లాబు కింద ప్రాపులు తీసే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం, కాంక్రీటు బలం తేల్చే క్యూబ్ టెస్ట్ ఫలితం ఆన్‌లైన్‌లో ఎక్కాలి. ఎక్కని అంతస్తుకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకూడదు. నిర్లక్ష్యం వల్ల మరణం జరిగిందని కార్మిక శాఖ తేల్చితే, పరిహారం చెల్లించి లోపం సరిచేసేదాకా తనఖా విడుదల కాకూడదు. దీనికి కొత్త శాఖ అక్కర్లేదు, ఉన్న నిబంధనకు నాలుగు వాక్యాలు చేర్చితే చాలు.

ఇక ప్రభుత్వమే యజమాని అయిన చోట ఎవరి అంగీకారం కోసమూ ఎదురుచూడక్కర్లేదు. అమరావతిలో ప్రభుత్వ టవర్లు లేస్తున్నాయి, హైదరాబాద్ చుట్టూ ఆసుపత్రుల భవనాలు లేస్తున్నాయి. సాధారణంగా మన టెండర్లలో భద్రత ఖర్చు మొత్తం రేటులోనే కలిసి ఉంటుంది. తక్కువ కోట్ చేసినవాడు ముందు కోత పెట్టేది అక్కడే. సేఫ్టీ నెట్టుకు, లైఫ్‌లైన్‌కు, అదనపు ప్రాపుల అద్దెకు విడివిడిగా రేట్లు రాసి, సైటులో పెట్టినదానికే బిల్లు చెల్లిస్తే వాటిని ఎగ్గొట్టి మిగుల్చుకునే దారి కాంట్రాక్టరుకు మూసుకుపోతుంది.