టీవీ ప్రకటనల్లోని తెల్లకోటు గారికి

అయ్యా తెల్లకోటు గారూ,

నమస్కారం. సీరియల్లో కోడలికి అసలు నిజం తెలిసిపోయే క్షణానికి సరిగ్గా మీరు ఊడిపడతారు కాబట్టి రోజూ దర్శనం అవుతూనే ఉంది. వెనక గాజు గోడలు, పక్కన నీలం నీళ్ల సీసాలు, మెడలో స్టెతస్కోపు. అమ్మేది మాత్రం టూత్‌పేస్టు. స్టెతస్కోపు పెట్టి పళ్ల చప్పుడు వింటారా అని మా ఇంట్లో ఓ సందేహం. పోనివ్వండి.

ఒప్పించడంలో మీ తర్వాతే ఎవరైనా. ఎదుటివాణ్ని ఒప్పించాలంటే చెప్పేవాడి మీద గురి కుదరాలి, వినేవాడి మనసు కదలాలి, మాటలో తర్కం ఉండాలి అని దాదాపు 2,300 ఏళ్ల కిందట గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఓ గ్రంథమే రాశాడు. మీరు ఆ మూడూ అర నిమిషంలో కానిచ్చేస్తారు. గురి కుదరడానికి మీ తెలుపు చాలు. మనసు కదిలించడానికి ఓ తల్లి ఉంటుంది. పిల్లాడు తుమ్మగానే, తప్పంతా తనదే అన్నట్టు మీ వంక బిక్కమొహం వేసుకుని చూస్తుంది. (తండ్రి సోఫాలో పేపరు చదువుకుంటూ ఉంటాడు. ఆయన్ని మీరు ఒక్కనాడూ మందలించిన పాపాన పోలేదు.) ఇక తర్కం. 'మామూలు సబ్బు' అని పేరూ ఊరూ లేని సబ్బు ఒకటి పెడతారు. దాని వైపు క్రిములు తిరనాళ్లలో జనంలా కిటకిటలాడుతుంటాయి. మీ సబ్బు వైపు ఒక్కటే మిగులుతుంది. 99.9 శాతం ఖతం! ఏ క్రిములు, ఎంతసేపు రుద్దితే, ఎవరు లెక్కపెట్టారు అన్న వివరాలు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వచ్చి, మేం కళ్లజోడు వెతుక్కునేలోపు మాయమైపోతాయి.

మీ వంశ చరిత్ర కూడా కాస్త తెలుసు లెండి. 1946లో అమెరికాలో మీ తాతగారు సిగరెట్లు అమ్మారు. డాక్టర్లు ఎక్కువగా తాగేది మా బ్రాండే అని పత్రికల నిండా ప్రకటనలు. బొమ్మల్లో కోటు వేసుకున్నది వేషగాళ్లు. సిగరెట్టు వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని 1964లో అక్కడి సర్జన్ జనరల్, అంటే ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి, నివేదిక తేల్చేనాటికే తాతగారు కోటు దులుపుకుని వేరే కొట్టుకు మారిపోయారు.

మన దేశంలో 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం ఏ డాక్టరూ తన పేరుతోనో ఫొటోతోనో సరుకులకు ప్రచారం చేయకూడదు. అంటే లోపల డాక్టరు ఉండకూడని కోటు మీరు. ఎంత హాయైన ఉద్యోగమండీ! ఇక్కడివాళ్లు కుదరకపోతేనేం అని ఓ టూత్‌పేస్టు కంపెనీ విదేశీ డెంటిస్టులను దింపితే, 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఆ ప్రకటనలు ఆపేయమంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ప్రచారం చేసిన సినిమా తారకూ వర్తిస్తుంది. తారకైతే పేరుంది, ఇల్లుంది, నోటీసు అందుతుంది. మీ చిరునామా ఏమిటి, హ్యాంగరా?

ఒప్పించడం తప్పని నేననను. మా వీధి చివర డాక్టరమ్మ కూడా ఆ విద్యలో తక్కువేం కాదు. బీపీ మాత్రలు మానేసిన మా అమ్మను "మనవరాలి పెళ్లి చూడొద్దా పెద్దమ్మా" అని ఒక్క మాటతో దారికి తెచ్చింది. కానీ ఎందుకు వేసుకోవాలి, మానేస్తే ఏమవుతుంది అని అడిగితే, బయట జనం కిక్కిరిసి ఉన్నా, విసుక్కుంటూనే అయినా, చెబుతుంది. ఆవిడ కోటు జేబు మీద ఇంకు మరక, కింద ఒక బొత్తం లేదు. మిమ్మల్ని అడుగుదామంటే సీరియల్ మొదలైపోతుంది.

ఓ చిన్న విన్నపం. ఈసారి వచ్చినప్పుడు ఆ అడుగున ఉన్న అక్షరాలు కాస్త గట్టిగా చదవండి. నీలం సీసాల్లో ఏముందో కూడా చెప్పండి. జవాబు రాస్తే గనక, సంతకం కింద రిజిస్ట్రేషన్ నంబరు వేయడం మరవకండి. మందుల చీటీ మీద డాక్టరన్నవాళ్లంతా వేయాల్సిందే మరి.

ఇట్లు,
మామూలు సబ్బు వాడుకునే ఓ ప్రేక్షకుడు